వాల్వు కట్టేశాక గొట్టంలో ఏమవుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మనతో మాట్లాడుతున్నవారు చిన్న పట్టణాల మంచినీటి సరఫరాలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజినీరు. ఇంజినీరు గారూ, మొదటి ప్రశ్న కాస్త మొహమాటంగానే అడుగుతున్నాను. శుద్ధి కేంద్రంలో నీళ్లు బాగున్నాయని రిపోర్టు వస్తుంది. ఇంట్లో కొళాయి తిప్పితే మొదటి బిందె మట్టి రంగులో ఉంటుంది. అబద్ధం చెబుతున్నది ఎవరు?

అతిథి: (నవ్వుతూ) ఎవరూ కాదండీ. రిపోర్టూ నిజమే, బిందే నిజమే. శుద్ధి కేంద్రంలో జరిగేది పెద్ద మర్మమేమీ కాదు. పటిక కలిపితే సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీళ్లు ఇసుక ఫిల్టర్ల గుండా పోతాయి, చివర క్లోరిన్. ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. కాస్త శ్రద్ధ ఉన్న ఏ ఊరైనా అక్కడిదాకా బాగానే చేస్తుంది. గొడవంతా ఆ తరువాతే.

వ్యాఖ్యాత: అంటే గొట్టాల్లో.

అతిథి: ఖాళీ గొట్టాల్లో. నీళ్లు నిండుగా ఉన్న గొట్టానికి చిల్లు పడితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. నష్టమే గానీ మురికి లోపలికి రాదు. కానీ మనం రోజుకు గంటో రెండు గంటలో వదిలి వాల్వు కట్టేస్తాం. గొట్టంలో మిగిలిన నీళ్లు పల్లంలో ఉన్న ఇళ్లకు జారిపోతాయి, మెరకన శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు అదే చిల్లు నోరు తెరుచుకుని పీల్చడం మొదలుపెడుతుంది. పక్కన మురుగు కాలువ ఉంటే ఆ మురుగే లోపలికి వస్తుంది. మరునాడు వాల్వు తిప్పగానే అదంతా మీ మొదటి బిందెలో.

వ్యాఖ్యాత: కొందరు కొళాయికే మోటారు బిగించి లాగుతారు కదా.

అతిథి: వాళ్లు ఆ శూన్యాన్ని నీళ్లు వస్తుండగానే తెచ్చిపెడతారు. తప్పని వాళ్లకూ తెలుసు. అయితే పక్కింట్లో మోటారు ఉంటే మనకు చుక్క రాదు, దాంతో మనమూ ఒకటి కొంటాం. నేను వాళ్లను తిట్టను. ఒత్తిడి ఇవ్వలేకపోయింది మేమే.

వ్యాఖ్యాత: అసలు ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది?

అతిథి: ఎత్తు నుంచి. పది మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెడితే అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కేజీ ఒత్తిడి. మా వాళ్లు క్లుప్తంగా, కేజీల్లోనే చెబుతారు. ట్యాంకు కట్టిననాడు లెక్క సరిగ్గానే ఉంటుంది. తరువాత ఊరు పెరుగుతుంది. అదే సన్నటి గొట్టానికి ఇంకో మూడు వీధులు తగిలిస్తాం. ఒత్తిడంతా దారిలో రాపిడికే ఖర్చైపోతుంది.

వ్యాఖ్యాత: మరి ఇరవై నాలుగు గంటలూ ఇవ్వాలంటే నీళ్లు చాలవంటారు.

అతిథి: ఆ మాట నేనూ చాలా ఏళ్లు అన్నాను. హుబ్బళ్లి-ధార్వాడ్‌లో కొన్ని వార్డులకు నిరంతర సరఫరా ఇచ్చి, మిగతా ఊరికి పాత పద్ధతే ఉంచారు. రెండు చోట్లకూ వెళ్లేవి అవే శుద్ధి చేసిన నీళ్లు. పరిశోధకులు కొళాయిల దగ్గర పరీక్షిస్తే, ఆగి ఆగి నీళ్లు వచ్చే చోటే బాక్టీరియా ఎక్కువగా కనిపించింది. 2021లో పూరీ పట్టణానికి నేరుగా కొళాయి నుంచి తాగగలిగే నీళ్లు రోజంతా ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక చాలకపోవడం అంటారా, ఉన్న నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూశామా? నిరంతర సరఫరా ఉంటే రాత్రి రెండు, మూడు గంటలకు ట్యాంకు కింద మీటరు చూస్తే చాలు. ఊరంతా నిద్రపోతున్నా అది గిరగిరా తిరుగుతోందంటే పోతున్నది చాలావరకు లీకేజీలోకే. పొద్దున గంటసేపు నీళ్లిచ్చే ఊరికి ఆ పరీక్ష పెట్టే వీలే లేదు.

వ్యాఖ్యాత: వింటున్నవాళ్లు ఇంట్లో ఏమి గమనించాలి?

అతిథి: క్లోరిన్ వాసన వస్తోందని ఫిర్యాదు చేసినవాళ్లను ఎంతోమందిని చూశాను. రావడం లేదని ఫిర్యాదు చేసినవారు ఒక్కరూ లేరు. చిట్టచివరి ఇంటి కొళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష కిట్టుతో చూసినప్పుడు నీళ్లకు రంగు రాలేదంటే, దారిలో ఏదో దాన్ని తినేసిందన్నమాట.

వ్యాఖ్యాత: ఆ దారి ఎక్కడెక్కడ పోతుందో మ్యాపు ఉంటుంది కదా?

అతిథి: ఉంటుంది. అందులోని గీతలకూ నేలలోని గొట్టాలకూ పొత్తు కుదరదు, అంతే. అసలు మ్యాపు లైన్‌మన్ బుర్రలో ఉంటుంది. మా దగ్గర ఒకాయన ఉండేవారు, చీకట్లో కూడా గడ్డపారతో నేల తట్టి వాల్వు మూత ఎక్కడుందో చెప్పేవారు. ఆయన రిటైరైన రెండో నెలలో పెద్ద గొట్టం పగిలింది. ఏ వాల్వు కట్టాలో తెలియక సగం ఊరికి నీళ్లు ఆపేశాం. చివరికి ఆయన్నే బతిమాలి, నాలుగు రోజులు వీధి వీధీ తిరిగి కాగితం మీద గుర్తులు పెట్టించుకున్నాం.

వ్యాఖ్యాత: అన్నీ దొరికాయా?

అతిథి: రెండు దొరకలేదు. ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు, వేలు పెట్టి మరీ చూపించారు. వాటి మీద అప్పటికే సిమెంటు రోడ్డు పడింది.