క్విల్ట్ డిజైన్ వాల్ ఇంట్లోనే: ఫ్లానెల్, ఫెల్ట్, వాడింగ్, టేబుల్ కవర్.. దేని మీద ముక్క నిలిచింది?

నమస్తే అండి. క్విల్ట్ అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టే దుప్పటి, ఆ ముక్కలతో కుట్టిన ఒక్కో చదరం బ్లాకు. ఆ బ్లాకుల్ని కలిపి కుట్టేముందు పేర్చి చూసుకోవడానికి ఇంట్లో చేసుకునే గోడలాంటి పలక, అదే డిజైన్ వాల్, దాని గురించి ఈరోజు వీడియో. దానికి ఏ గుడ్డ వేస్తే ముక్కలు జారిపోకుండా నిలుస్తాయో తెలుసుకుందామని నాలుగు రకాలు పక్కపక్కనే బిగించి చూశాను. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు థర్మాకోల్ మీద బిగించిన, నూగున్న మెత్తటి గుడ్డ అయిన ఫ్లానెల్‌కే.

గోడ ఎందుకండీ, నేల మీద పరుచుకుంటే చాలదా అంటారు కొంతమంది. మన బొంతలకైతే నేల చాలు, పాత చీరలు మడతలు పరిచి వరసగా కుట్టుకుంటూ పోవడమే కదా. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే అతుకుల బొంత కూడా అంచు దగ్గర మొదలై, ముక్క పక్కన ముక్క చేరుతూ మధ్యలోకి వస్తుంది. ముందు పేర్చి చూడాల్సిన అవసరం ఉండదు. బ్లాకులతో చేసే క్విల్ట్ అలా కాదండీ. లాగ్ క్యాబిన్ చూడండి. మధ్యలో చిన్న చదరం, చుట్టూ పట్టీలు, ఒక మూల నుంచి ఎదురు మూలకి గీత గీస్తే ఒక పక్కంతా లేత రంగులు, రెండో పక్కంతా ముదురు రంగులు. అవే 36 బ్లాకుల్ని ఒక రకంగా తిప్పి పేరిస్తే పొలంలో దున్నిన చాళ్ళలా ఏటవాలు గీతలొస్తాయి, దాన్ని స్ట్రెయిట్ ఫర్రో అంటారు. ఇంకో రకంగా తిప్పితే నడిమధ్య నుంచి డైమండ్లు ఒకదాని చుట్టూ ఒకటి పెరుగుతూ పోతాయి, అది బార్న్ రైజింగ్. ముక్కలు అవే, కుట్టు అదే, క్విల్ట్ మాత్రం పూర్తిగా వేరు! ఇది నేల మీద వంగి చూస్తే తెలీదు, ఎందుకంటే కాళ్ళ దగ్గర వరస పెద్దగా, అవతలి వరస చిన్నగా కనిపిస్తుంది. ఎదురుగా నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూడాల్సిందే.

ఇప్పుడు సైజు. 12 అంగుళాల బ్లాకు పక్క బ్లాకులతో కలిపి కుట్టకముందు పన్నెండున్నర ఉంటుంది, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి. అంటే ఆరు వరసలు, వరసకి ఆరు పెడితే క్విల్ట్ 72 అంగుళాలే అయినా గోడ మీద 75 అంగుళాలు కావాలి. ఈ లెక్క వదిలేస్తే చివరి వరస బయటికి పోతుంది. మన దగ్గర థర్మాకోల్ షీటు మామూలుగా మీటరు పొడవు, అర మీటరు వెడల్పు. అడ్డంగా రెండు, నిలువుగా నాలుగు, మొత్తం ఎనిమిది షీట్లు పెడితే రెండు మీటర్ల చదరం, దాదాపు 79 అంగుళాలు వస్తుంది. మందం 25 మిల్లీమీటర్లది తీసుకోండి, సన్నది వంగిపోతుంది. వెనకాల సన్న చెక్క పట్టీలతో, అంటే రీపర్లతో ఫ్రేము కొట్టించి, మధ్యలో అడ్డకర్ర వేయించి, షీట్లని బ్రౌన్ టేపుతో కలిపి దాని మీద పెట్టాలి. ఫ్లానెల్‌ని ముందు నుంచి లాగి వెనక్కి తిప్పి, రీపర్ చెక్కకే స్టేపుల్ గన్‌తో పిన్నులు కొట్టాలి. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే రెండుంపావు మీటర్లవి రెండు తీసుకుని నిలువుగా కలిపి కుట్టండి. ఆ అతుకు సరిగ్గా మధ్యలో పడుతుంది కాబట్టి మూడో నిలువు వరసకీ నాలుగో నిలువు వరసకీ మధ్య అదే గీతలా పనికొస్తుంది. గమ్ వాడదామనుకుంటే మాత్రం చెప్పులకి వాడే ఘాటు వాసన రబ్బరు గమ్ముల జోలికి వెళ్ళొద్దు, థర్మాకోల్‌ని తినేస్తాయి.

సరే, నాలుగు గుడ్డలకి వద్దాం. ఫ్లానెల్ మీద నూగు ఉంటుంది, కాటన్ ముక్క దాన్ని పట్టుకుంటుంది, అరచేత్తో ఒకసారి నిమిరితే చాలు. మంగళగిరి, పోచంపల్లి కాటన్ ముక్కలు హాయిగా నిలిచాయి. పట్టు ముక్కలు, జరీ అంచులు మాత్రం దేని మీదా నిలవవండీ, జారతాయి, వాటికి గుండుసూది కావాలి. థర్మాకోల్ గొప్పతనం అక్కడే, సూదిని మొన కిందికి ఉండేలా ఏటవాలుగా గుచ్చితే దిగుతుంది, నిలుస్తుంది. ఫెల్ట్, అంటే నేత లేకుండా పోగులు ఒత్తి చేసే మందపాటి గుడ్డ, అది కూడా బాగానే పట్టింది కానీ, అతుకులెక్కువున్న బరువైన బ్లాకులు కాసేపటికి కిందికి జరిగాయి. పైగా క్రాఫ్ట్ షాపుల్లో ఎక్కువగా చిన్న షీట్లే దొరుకుతాయి, అన్ని అతుకులు అవసరమా. క్విల్ట్ పొరల మధ్య పెట్టే దూదిలాంటి పాలియెస్టర్ వాడింగ్ వద్దే వద్దు. ముక్క తీసిన ప్రతిసారీ దూది లేచి గుడ్డకి అంటుకుంటుంది, కొన్నాళ్ళకి సాగి వేలాడుతుంది. నాలుగోది డైనింగ్ టేబుల్ మీద వేసే ప్లాస్టిక్ కవరు, వెనకవైపు నూగున్నది. తిరగేసి తగిలించండి. ఇంట్లో పెద్ద ఫ్రేము పెట్టుకునే చోటు లేకపోతే ఇదే దారి, పని అయ్యాక చుట్టి బీరువా వెనకాల పెట్టుకోవచ్చు. విడి ముక్కలకి పర్వాలేదు, కుట్టిన బ్లాకులకి దాని పట్టు చాలదు.

రంగు సాదాగా, లేత బూడిద ఉంటే మంచిది. పసిపిల్లల బొమ్మలున్న ఫ్లానెల్ చవగ్గా దొరుకుతుంది కానీ మీ ముక్కల మధ్యలోంచి ఆ బొమ్మలే కనిపిస్తాయి. తెలుపు వేస్తే తెల్ల గుడ్డ ముక్కలు అందులో కలిసిపోతాయి.

ఇంకొకటి, మన ఇళ్ళలో అసలు టెన్షన్ సీలింగ్ ఫ్యాన్. ఫుల్ స్పీడులో పెడితే ఫ్లానెల్ అయినా సరే మూలలు లేచి ముక్కలు రాలతాయి. ఫ్రేముని నిటారుగా కాకుండా కాస్త వెనక్కి వాల్చి ఆనించండి, బయటి వరసలకి పైన రెండు మూలల్లో సూది పెట్టండి. థర్మాకోల్ తొందరగా నిప్పు అంటుకునే వస్తువు, కాబట్టి దేవుడి దీపానికీ స్టవ్‌కీ దూరంగా ఉంచాలి, ఇస్త్రీ పెట్టె దాని మీద ఆనించకూడదు, కరిగిపోతుంది.

పేర్చడం అయ్యాక ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. రంగుల్లో వేరువేరుగా అనిపించిన ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే అక్కడ డిజైన్ విడిపోదు, ఒకటి మార్చాలి. చిన్న గదిలో వెనక్కి జరిగే చోటు లేనివాళ్ళకి కూడా ఈ ఫోటోనే ఆధారం. తిరగబడిన బ్లాకు ఉంటే ఇక్కడే దొరికిపోతుంది.

మిషన్ దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు అన్నీ ఒకేసారి పీకొద్దు. ఒక్క వరసే ఎడమ నుంచి కుడికి తీసి, మొదటిది పైకి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, పై బ్లాకుకి వరస నంబరు రాసిన చీటీ గుచ్చండి. ఆ వరస కుట్టి మళ్ళీ గోడ మీద దాని చోట్లో పెట్టాకే రెండో వరస ముట్టుకోండి.