తప్పు ఎక్కడ పడుతోందో వినాలి

శ్రోతలకు నమస్కారం. మన హైదరాబాద్ బస్తీ బళ్లలో మూడో తరగతి పిల్లలు కొందరు తెలుగు పాఠం గడగడా చదివేస్తారు. అదే పాఠంలో మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంటి నాన్నా?" అని అడిగితే మాత్రం ఆగిపోతారు. విని విని పాఠం నోటికి వచ్చేసింది, అంతే! ఈ తేడా పట్టుకోవడం మన టీచర్లకు సరిగ్గా నేర్పడం లేదన్నదే నా బాధ.

ట్రైనింగులు లేవని కాదు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్, 2022లో మన రాష్ట్రం తొలిమెట్టు అనే కార్యక్రమాలు మొదలుపెట్టాయి, ఆశయం మంచిదే. కానీ హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే పిల్లల చదువు వినడం ఎవరికీ రాదు. ఒక్క పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు ఎప్పుడూ చూడని చిన్న కథ ఇచ్చి చదివించాలి, సరిగ్గా చదివిన మాటకు టిక్కు పెట్టి, తప్పు చదివితే వాడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. మధ్యలో దిద్దకూడదు, కసురుకోవడం అసలే వద్దు.

అప్పుడు ఆ కాగితమే చెబుతుంది. "గడ్డి"ని "గడి" అని, "అట్టు"ని "అటు" అని చదివాడంటే వాడికి అక్షరాలు వచ్చు, ఒత్తు దగ్గరే ఇబ్బంది. అలాంటివాడితో మళ్లీ అ ఆ ఇ ఈ దిద్దిస్తే ఏం లాభం? గడి, గడ్డి పక్కపక్కన రాసి, పలికించి, రోజూ ఓ పావుగంట ఆడించాలి. ఇంకో పాప మాటలన్నీ తప్పు లేకుండా చదువుతుంది గానీ కథలో ఏమైందో చెప్పలేదు. ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడే పిల్లయితే ముందు ఆ తెలుగు మాటలు తెలుసో లేదో కనుక్కోవాలి, ఎందుకంటే అది చదువు రాకపోవడం కాదు, భాష కొత్త కావడం. ఈ ఇద్దరికీ పరీక్షలో ఒకే మార్కు పడొచ్చు, ఇవ్వాల్సిన సాయం మాత్రం వేరు.

చూపు, వినికిడి సంగతి కూడా మరవొద్దు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి మన ఊళ్లోనే ఉన్నాయి కదా. చూపు, వినికిడి బాగానే ఉండి, కొన్ని నెలలు ఓపిగ్గా నేర్పినా కదలిక లేకపోతే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం, ఉందేమో నిపుణులు తేల్చాలి. అది టీచర్ వేసే ముద్ర కాదు, "మొద్దు" అనే మాట అయితే తరగతిలో వినబడనే కూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది, కాబట్టి ఆ పిల్లలకు సాయం అందించడం దయ కాదు, బాధ్యత.

ట్రైనింగ్ పెట్టే అధికారులను నేను అడిగేది ఒకటే. ఈసారి అందులో ఒక పూట బడిలోనే, పిల్లల మధ్యే పెట్టండి. ప్రతి టీచరూ ఒక్కో పిల్లాడి చదువు విని, రాసుకున్న కాగితం పక్క టీచర్‌కు చూపించి, రేపు వీడితో ఏం చేయించాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. పదిహేను రోజులకు అదే పిల్లాణ్ని మళ్లీ చదివించి వినాలి, మార్పు లేకపోతే పద్ధతి మార్చాలి.