ఫ్లెక్స్ నుంచి ఫోన్‌కు: నల్గొండ, పాలమూరు డీటీపీ డిజైనర్ల కోసం

(తెర మీద: పెండ్లి ఫ్లెక్స్, పక్కన ఫోన్)

వాయిస్: 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఫ్లెక్స్ తయారైంది. "అన్నా, గిదే వాట్సాప్ స్టేటస్‌కు పంపరాదు" అంటడు కస్టమర్. ఉన్నదున్నట్టు పంపితే ఏమైతది? 1080 పిక్సెళ్ల వెడల్పులో ఆ ఫ్లెక్స్ ఎత్తు 432 పిక్సెళ్లే. స్టేటస్ ఎత్తేమో 1920. ఫ్లెక్స్ మీద 2 అంగుళాలున్న పేరు ఇక్కడ 18 పిక్సెళ్లకు దిగుతది, వొత్తులన్నీ మచ్చలైతయి.

అందుకే కుదించొద్దు, కొత్తగ పేర్చాలె. 1080×1920 పేజీ తెరిచి, పైన కింద సుమారు 250 పిక్సెళ్లు ఖాళీ ఉంచుండ్రి. పిల్ల, పిలగాని పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాల్ చాలు. బంధువుల లిస్టు తీసేస్తే మేనమామ అలుగుతడు. దాన్ని రెండో స్టేటస్‌గ పెట్టుండ్రి.

(తెర మీద: విడిపోయిన "శ్‌రీరస్తు")

అసలు చిక్కు అక్షరాలతోని. డీటీపీల వాడే "అను" (Anu) తెలుగు ఫాంట్ల కింద ఉండేది ఇంగ్లిష్ కోడే. ఆ మ్యాటర్ వాట్సాప్‌ల పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తయి. కన్వర్టర్‌తోని యూనికోడ్‌కు, అంటే ఫోన్లు చదివే తెలుగు కోడ్‌కు మార్చుకోవాలె. మధ్యల ఇంగ్లిష్ పేర్లుంటే ముందే పక్కకు తీయండి, కన్వర్టర్ వాటిని గూడ తెలుగే అనుకుంటది.

మార్చినంక ఇల్లస్ట్రేటర్‌ల "శ్రీ" విడిపోయిందా? తప్పు ఫాంటుది కాదు. ప్రిఫరెన్సెస్, టైప్‌ల "షో ఇండిక్ ఆప్షన్స్" టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూల "మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్" కంపోజర్ ఎంచుకోవాలె. ఫొటోషాప్‌ల అయితే "వరల్డ్-రెడీ లేఅవుట్".

ఫాంట్లకు గూగుల్ ఫాంట్స్‌ల హెడ్డింగ్‌కు రామభద్ర, మ్యాటర్‌కు మండలి ఉన్నయి, ఉచితమే. లైన్ల సందును మాత్రం ఆటో మీద వదలొద్దు. అది అక్షరం సైజుల 120 శాతమే ఇస్తది. పై లైను వొత్తు కింది లైను గుడికి తగులుతది. 140 నుంచి మొదలుపెట్టి కంటితోనే సర్దుండ్రి. ఇన్నేండ్లు కార్డులు కొట్టిన కన్ను పనికొచ్చేది ఇక్కడనే.

ప్రెస్‌కు పంపేముందు ఇల్లస్ట్రేటర్‌ల కంట్రోల్ షిఫ్ట్ ఓ కొట్టి అవుట్‌లైన్ చేస్తరు కదా, అంటే అక్షరాలు ఉత్త బొమ్మలైతయి, ఆ ఫైలుకు వేరే పేరు పెట్టుండ్రి. లేకుంటే రాత్రి 10 గంటలకు "ముహూర్తం మారిందన్నా" అని ఫోనొస్తే, ఆ లైను మొత్తం మళ్ల టైపు కొట్టాలె.