టాపు కోయించాలా, సొట్ట తీయించాలా?

(ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. స్టూడియోలో విజయవాడ ఆటోనగర్‌కు చెందిన టింకరింగ్ మేస్త్రి.)

వ్యాఖ్యాత: అమలాపురం దగ్గర నుంచి ఒక మాస్టారు లైనులో ఉన్నారు. చెప్పండి మాస్టారూ.

శ్రోత: నమస్కారమండి. నాది 2009 నాటి మారుతి 800. పదిహేనేళ్లు నిండాక మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. పెరట్లో ఆపిన కారు మీద కొబ్బరి గెల పడింది. డ్రైవరు సీటుకు సరిగ్గా పైన పళ్లెమంత సొట్ట. ఒకాయన టాపు మొత్తం కోసేసి పాత కారు టాపు తెచ్చి అతికిస్తానంటున్నాడు. ఇంకొకాయన లప్పం పెట్టి పూటలో ఇచ్చేస్తానంటున్నాడు.

మేస్త్రి: ఇద్దరికీ ఇవ్వకండి. తలుపులు ఎప్పటిలాగే పడుతున్నాయా? ముందు అద్దం మూలల్లో చీలిక ఏమైనా ఉందా?

శ్రోత: తలుపులు బాగానే పడుతున్నాయి. చీలిక లేదు.

మేస్త్రి: అయితే దెబ్బ చర్మానికే, ఎముకకు కాదు. ఇప్పుడు సొట్ట మధ్యలో బొటనవేలితో నొక్కితే ఏమవుతోంది?

శ్రోత: టక్కున లోపలికి పోయి, వదలగానే టక్కున పైకి వస్తోంది.

మేస్త్రి: రేకు సాగిందన్నమాట. అది మిల్లీమీటరు మందం కూడా ఉండదు. సాగిన రేకును సుత్తితో కొట్టిన కొద్దీ ఇంకా సాగుతుంది. తెలియని వాడు సాయంత్రం దాకా కొట్టి, చివరికి లప్పంతో కప్పేస్తాడు. లప్పం రెండు మిల్లీమీటర్లకు మించితే ఎండకు, కుదుపులకు పగుళ్లిస్తుంది. పగులులోకి నీరు దిగితే కింద తుప్పే.

శ్రోత: మరి ఎలా చేయించాలి?

మేస్త్రి: లోపలి లైటు, ఎండ పలకలు తీసి లైనింగు దింపించండి. ముందు కింది నుంచి అరచేత్తో, చెక్కతో మెల్లగా పైకి నెట్టాలి. తర్వాత కింద ఇనుప దిమ్మ ఆనించి పైన చిన్న సుత్తితో తట్టాలి. ఇంకా టక్కుమంటున్న చోట గ్యాసు మంటతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, వెంటనే తడిగుడ్డ అద్దాలి. అప్పుడు రేకు ముడుచుకుంటుంది. ఒకచోట చల్లారాకే ఇంకో చోటికి వెళ్లాలి. బ్యాటరీ తీగ ముందే తీయించండి, సీట్లు బయట పెట్టించండి.

వ్యాఖ్యాత: రంగు కాలిపోదా?

మేస్త్రి: పోతుంది. టాపు నడుమ ఒక్క ముక్కకు వేసిన రంగు పాత రంగులో కలవదు. టాపంతా వేయించాలి. దానికన్నా ముఖ్యం, రంగు లోపలి వైపు కూడా కాలుతుంది. లైనింగు కప్పేస్తుంది కదా అని అక్కడ ఎవరూ ప్రైమర్ వేయరు. మాస్టారిది సముద్రపు గాలి తగిలే ఊరు. లైనింగు బిగించక ముందు దగ్గరుండి లోపల ప్రైమర్ వేయించండి.

శ్రోత: టాపు కోయించడం ఎందుకు వద్దంటున్నారు?

మేస్త్రి: రెండు పక్కల వాననీటి కాలువల పొడవునా, ముందూ వెనకా అద్దాల మీదుగా టాపుకు వెల్డింగు చుక్కలు ఉంటాయి. అద్దాలు రెండూ ఊడదీయాలి, చుక్కలన్నీ తొలవాలి, మళ్లీ అతకాలి. ఒక్కచోట సీలెంటు సరిగా పడకపోతే మొదటి వానకే నీళ్లు మీ కాళ్ల దగ్గరికి వస్తాయి. కాలువలే తుప్పుకు తినేస్తేనో, టాపు కింది అడ్డపట్టీలు కూలిపోతేనో కోయక తప్పదు. ఒక్క కొబ్బరి గెలకు అంత అవసరం లేదు. ఇక కారు పల్టీ కొట్టి టాపును మోసే స్తంభాలే వంగితే, కొత్త టాపు వేసినా ఆ బండి ఎక్కమని నేను చెప్పను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. వరంగల్ నుంచి ఒక అమ్మగారు ఉన్నారు.

శ్రోత: నమస్తే అన్నా. మా కారు పదకొండేళ్లది. గోడ మీది నుంచి కోతులు దూకి దూకి టాపంతా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. రంగు మాత్రం లేవలేదు. వేడినీళ్లు పోసి చల్లనీళ్లు పోస్తే పోతాయని ఫోనులో చూశాను.

మేస్త్రి: అది ప్లాస్టిక్ బంపరుకు పని చేస్తుందమ్మా, రేకుకు కాదు. కంపెనీ రంగేనా, మధ్యలో మళ్లీ వేయించారా?

శ్రోత: కంపెనీదే.

మేస్త్రి: అదృష్టం. రంగు చెడకుండా కింది నుంచి కడ్డీలతో నొక్కి గుంటలు తీసేవాళ్లున్నారు, అక్కడికి వెళ్లండి. తర్వాత వేయించిన రంగైతే, జిగురు అంటించి లాగే పద్ధతిలో రంగు కూడా ఊడి వచ్చే ప్రమాదం ఉంటుంది.

శ్రోత: ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. క్లెయిము పెట్టనా?

మేస్త్రి: పదేళ్లు దాటిన కారుకు రేకు భాగం మారిస్తే మామూలు పాలసీలో దాని ధరలో సగం తరుగు కింద కోస్తారు. పైగా కొంత మొత్తం ఎలాగూ మీరే భరించాలి, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు కూడా పోతుంది. అది మీకు 50 శాతం దాకా వచ్చి ఉంటే, గుంటల ఖర్చుకన్నా పోయేదే ఎక్కువ కావచ్చు. అంచనా రాయించుకుని లెక్క చూడండి. పెట్టాలనుకుంటే మాత్రం పని మొదలు కాకముందే కంపెనీకి చెప్పాలి, వాళ్ల మనిషి వచ్చి చూడాలి.

శ్రోత: రేపే చేయిస్తానన్నా.

మేస్త్రి: రేపే వద్దమ్మా, కోతులు ఇంకా అక్కడే ఉన్నాయి కదా! ముందు కారును ఆ గోడ పక్క నుంచి తీయండి.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను తీసుకుందాం.