నెమో మనవాడని ఆ సినిమా ఎందుకు చెప్పలేదు?

సభాధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవడం మర్యాద. కానీ టైము తక్కువ, వారు మన్నించాలి. గ్రంథాలయ వారోత్సవాలకు నాకిచ్చిన అంశం 'సాహస నవలలు, వాటి సినిమాలు'. అది చాలా పెద్ద అంశం. నేను ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. ఆయన కెప్టెన్ నెమో.

ఆయన నడిపే నాటిలస్ అనే జలాంతర్గామి గురించి విన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. నెమోది ఏ దేశమో తెలిసినవాళ్లు? చూశారా, అన్ని చేతులూ దిగిపోయాయి. పిల్లలూ, ఆయన మన దేశం మనిషి. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు. పేరు డక్కర్.

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ రాసిన 'సముద్రంలో ఇరవై వేల లీగులు' 1869, 70ల్లో ధారావాహికగా వచ్చింది. అందులో నెమో ఎవరో చెప్పలేదు. వెర్న్ మొదట అనుకున్నది పోలండ్ వాణ్ని. 1863లో రష్యా మీద తిరగబడి, భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్నవాణ్ని. ప్రచురణకర్త హెట్జెల్ ససేమిరా అన్నాడు. రష్యాలోనూ పుస్తకాలు అమ్ముడుపోవాలి కదా. దాంతో నెమోకు దేశమే లేకుండా పోయింది. 1875కల్లా పూర్తయిన మరో నవల 'మిస్టీరియస్ ఐలాండ్'లో వెర్న్ గుట్టు విప్పాడు. పదేళ్ల వయసులో చదువుకోసం యూరప్ వెళ్లిన డక్కర్ 1849లో తిరిగొచ్చాడు. 1857 తిరుగుబాటులో ముందుండి పోరాడాడు. ఇరవై పోరాటాలు, పది గాయాలు. ఇల్లూ వాకిలీ, భార్యా పిల్లలూ అందరూ పోయారు. మిగిలిన కొద్దిమంది అనుచరులతో సముద్రంలోకి వెళ్లిపోయాడు.

ఆయన్ని టిప్పు సుల్తాన్ బంధువుగా కూడా చెప్పాడు వెర్న్. లెక్క కుదరదు. టిప్పు 1799లోనే చనిపోయాడు, పైగా మైసూరెక్కడ, బుందేల్‌ఖండ్ ఎక్కడ! వెర్న్ మన దేశం ఎన్నడూ చూడలేదు. అయినా నాకు ఆయన మీద గౌరవం తగ్గదు. ఇంగ్లీషువాళ్లు 'సిపాయిల పితూరీ' అని కొట్టిపారేస్తున్న రోజుల్లో, ఆ కథ చెప్పే అధ్యాయం శీర్షికలోనే నెమోను స్వాతంత్ర్య వీరుడన్నాడు.

ఇక సినిమా. డిస్నీ వాళ్ల 1954 సినిమాను మా స్కూల్లో గోడకు తెర కట్టి వేశారు. రాక్షస స్క్విడ్ నాటిలస్‌ను చుట్టేసినప్పుడు మేమంతా బెంచీలెక్కి అరిచాం. ఆ సీన్ మొదట ప్రశాంతమైన సముద్రం మీద, సాయంకాలం వెలుగులో తీశారట. బాగా రాలేదని తుఫాను పెట్టి మళ్లీ తీశారు. మంచి పని చేశారు. నవలలో అది ఒక్కటి కాదు, గుంపుగా వస్తాయి. ఒక్కటే చాలనుకున్నారు, అదీ సబబే. సినిమా అన్నాక మార్పులుంటాయి. మార్చారని గొడవ పెట్టుకునే మనిషిని కాను నేను.

కానీ ఇది వినండి. నవలలో నెడ్ లాండ్ అనే వేటగాణ్ని స్క్విడ్ నోటి నుంచి నెమో కాపాడతాడు. అంతకుముందు సింహళం దగ్గర సొరచేప బారి నుంచి నెడ్ తనను కాపాడాడు, ఆ రుణం తీర్చుకున్నానంటాడు. సినిమాలో నెడ్‌గా వేసింది కిర్క్ డగ్లస్, పెద్ద హీరో. అందుకని అక్కడ నెడ్డే నెమోను కాపాడతాడు. ఆ సింహళం ఘట్టమైతే సినిమాలో లేనే లేదు. అందులో ఏముందో తెలుసా? ముత్యాల కోసం మునిగిన ఒక పేదవాడి మీద సొరచేప వస్తే నెమో బాకుతో దానికి ఎదురెళతాడు. వాడి చేతిలో ముత్యాల సంచీ పెడతాడు. మనుషులంటే గిట్టదనే మీరు ఇలా ఎందుకు చేశారని, ఆ కథ చెప్పే ప్రొఫెసర్ అరోనాక్స్ అడిగితే, అతను అణగారినవాళ్ల దేశం మనిషి, నేనూ చివరి ఊపిరి దాకా ఆ దేశం వాణ్నే అంటాడు. మొదటి పుస్తకంలో మనకు దొరికే ఆనవాలు అదే. దాన్నే తీసేశారు.

మరి నెమోకు ఆ కోపం ఎక్కడిది? సినిమా ఒక బానిసల దీవిని సృష్టించింది. ఎవరో ఒక దేశంవాళ్లు ఆయన్ని అక్కడ బంధించారు, భార్యనూ కొడుకునూ హింసించి చంపారు. ఆ దేశం పేరు ఎక్కడా చెప్పరు. గాయాన్ని పుస్తకంలోంచి తీసుకున్నారు, గాయం చేసినవాళ్ల పేరు మాత్రం వదిలేశారు. నెమోగా వేసిన జేమ్స్ మేసన్ గొప్ప నటుడు, కాదనను. కానీ ఒక ఇంగ్లీషు నటుడు, మనవాడి దుఃఖాన్ని, ఎవరి వల్ల వచ్చిందో చెప్పకుండా మోశాడు. కారణం తెలియని కోపం చూసేవాళ్లకు పిచ్చిలా కనబడుతుంది. మా బెంచీ మీద మేమూ ఆయన్ని పిచ్చి సైంటిస్టనే అనుకుని ఇంటికెళ్లాం.

1961లో 'మిస్టీరియస్ ఐలాండ్'నే సినిమాగా తీశారు. ఆయన డక్కర్ అని చెప్పే పుస్తకం అది! అందులోనూ చెప్పలేదు. రాక్షస పీత, రాక్షస తేనెటీగలు పెట్టి, నెమోను జంతువుల్ని పెద్దవి చేసి లోకం ఆకలి తీర్చే శాస్త్రవేత్తను చేశారు. పుస్తకంలో ఆ పీతా లేదు, తేనెటీగలూ లేవు.

సినిమావాళ్లనే అనడం న్యాయం కాదు. కాలేజీ రోజుల్లో ఆ నవల పాత ఇంగ్లీషు అనువాదం చదివి తికమకపడ్డాను. డక్కర్ గతం చెప్పే చోటే, ఇంగ్లీషువాళ్లు ఇండియాను అరాచకం నుంచి బయటపడేసి శాంతిసౌఖ్యాలిచ్చారని రాసుంది. వాళ్ల మీద పోరాడి సర్వం పోగొట్టుకున్నవాడి కథలో ఈ పొగడ్త ఏమిటి? తర్వాత తెలిసింది, వెర్న్ రాసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. లండన్‌లో కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన అనువాదంలో మార్చేశారు. ఎన్నో తరాలు ఆ కాపీనే చదివాయి. నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పెద్దలారా, 1857 మనకు దూరం విషయం కాదు. ఆ జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మన హైదరాబాద్ కోఠీలో ఇంగ్లీషువాళ్ల రెసిడెన్సీ మీదికి దాడికి వెళ్లారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. మీ పిల్లలు బస్సులో దాని ముందు నుంచే వెళతారు. డక్కర్ కల్పితమే కావచ్చు, ఆయన ఎవరి పక్కన నిలబడ్డాడో వాళ్లు కల్పితం కాదు.

చెప్పినవాళ్లూ ఉన్నారు. 1916 మూకీ సినిమాలోనే నెమో భారత రాజకుమారుడు. 1975లో సోవియట్ టీవీ డక్కర్‌గానే చూపించింది. 2003లో హాలీవుడ్ నెమో పాత్రకు నసీరుద్దీన్ షాను తీసుకుంది. సంతోషించాను. కానీ చేతికి కత్తిచ్చి, కాళీమాత ముందు కూర్చోబెట్టి, ఆయన చదువు సంగతి వెనక్కి నెట్టేశారు. 2024 'నాటిలస్' సిరీస్‌లో ఆయన ఈస్టిండియా కంపెనీ ఖైదీ. అది డిస్నీ కోసం మొదలైందే, 2023లో వాళ్లు వదిలేస్తే వేరేచోట వచ్చింది.

చదువు అన్నాను కదా. నాటిలస్‌లో 12,000 పుస్తకాల గ్రంథాలయం ఉంటుంది. పోరాడి ఓడినవాడు సముద్రం అడుగుకు పుస్తకాలు పట్టుకెళ్లాడు! గ్రంథాలయ వారోత్సవాల్లో నేను ఆయన్ని తలచుకోకుండా ఎలా ఉంటాను?

గ్రంథపాలకులకు నా విన్నపం ఒక్కటే. పిల్లల విభాగంలో మొదటి పుస్తకం సంక్షిప్త ప్రతి ఉంది, రెండోది లేదు. పూర్తి పాఠమున్న కొత్త అనువాదం తెప్పించండి, ఖర్చులో సగం నేనిస్తాను. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇదే హాల్లో 'మిస్టీరియస్ ఐలాండ్'లో డక్కర్ కథ చెప్పే మూడో భాగం పదహారో అధ్యాయాన్ని తెలుగులో చెబుతూ చదువుతాను. పిల్లల్ని పంపండి, మీరూ రండి.