ఫ్రిజ్‌లో ఆవు రక్తం, జేబులో పోలీస్ బ్యాడ్జి: ‘ఫరెవర్ నైట్’ కథ

[విజువల్: చీకటి గది. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంది. లోపలి బల్బు వెలుతురు ఒక్కటే.]

ఒంటరి మగాడి ఇల్లు. డ్యూటీకి వెళ్ళేముందు ఫ్రిజ్ తీశాడు. కూర లేదు, పెరుగు లేదు, నిన్నటి అన్నం కూడా లేదు. వరసగా సీసాలు. ఒకటి తీసి కార్కు పీకి ఎత్తాడు. చూసేవాళ్ళు వైనే అనుకుంటారు. అది ఆవు రక్తం.

ఇతని పేరు నిక్ నైట్. టొరంటో పోలీసుల్లో హత్య కేసులు చూసే డిటెక్టివ్. ఎప్పుడూ నైట్ షిఫ్టే. పగలు రమ్మంటే ఎండ పడదండీ, ఎలర్జీ అంటాడు. అబద్ధమేం కాదు, ఎండ తగిలితే కాలిపోతాడు. వయసు దాదాపు 800 ఏళ్ళు.

[టైటిల్ కార్డు: ఫరెవర్ నైట్. 1992 నుంచి 1996 వరకు. 70 ఎపిసోడ్లు.]

నమస్తే అండీ. రక్తపిశాచి పోలీసు ఉద్యోగం చేస్తూ, మళ్ళీ మామూలు మనిషిని అయిపోవాలని తాపత్రయపడే ఒక కెనడా సీరియల్ గురించి ఇవాళ మాట్లాడుకుందాం. పేరులోనే ఓ చమత్కారం ఉంది. నైట్ అంటే రాత్రి, నైట్ అంటే గుర్రమెక్కిన యోధుడు. ఇంగ్లీషులో స్పెల్లింగులు వేరు. మన లిపిలో రాస్తే ఆ తేడా కూడా ఉండదు, రెండూ ఒక్కటే. హీరోకి రెండూ సరిపోతాయి.

పైకి చూస్తే ఇది దయ్యాల కథ, లేదంటే క్రైమ్ కథ. నాకు మాత్రం రెండూ అనిపించలేదు. తాగుడు మానేద్దామనుకునే మనిషి కథ ఇది. అలా ఎందుకంటున్నానో చెప్తా. ముందు కొంచెం వెనక్కి వెళ్ళొద్దాం.

[విజువల్: కొవ్వొత్తుల వెలుగులో రాతి గోడలు. మూడు నీడలు.]

అసలు పేరు నికొలాస్ డి బ్రబాంట్. క్రూసేడ్ యుద్ధాలనుంచి తిరిగొచ్చిన యోధుడు. 1228లో జానెట్ అనే అందగత్తె ఇతన్ని ఆకర్షించింది, లక్రువా అనేవాడు కొరికాడు. ఈ సీరియల్లో ‘వాంపైర్‌గా మార్చడం’ అనే మాటే పెద్దగా వినిపించదు. ‘అవతలి ఒడ్డుకి దాటించడం’ లాంటి అర్థం వచ్చే మాట వాడతారు. ఏదో పడవెక్కించి పంపినట్టు, ఎంత మర్యాదగా ఉందో చూడండి.

ఆ లక్రువా మామూలోడు కాదు. రోమన్ సేనాపతి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి నగరం బూడిదలో కూరుకుపోయిందే, అప్పుడు వాంపైర్ అయ్యాడు. అతన్ని కొరికింది ఎవరో తెలుసా? కన్నకూతురు దీవియా. ఇంకో తమాషా, లక్రువా అంటే ఫ్రెంచిలో ‘శిలువ’. శిలువ చూస్తే వెనక్కి జరిగే జాతికి పెద్దాయన పేరు శిలువ! రచయితలు రాసుకుంటూ నవ్వుకునే ఉంటారు.

వందల ఏళ్ళు ముగ్గురూ కలిసి యూరప్ అంతా తిరిగారు, తాగారు, చంపారు. చివరికి నిక్‌కి విరక్తి పుట్టింది. మనిషి రక్తం ముట్టనన్నాడు. చేసిన పాపాలకి సమాజానికి అప్పు తీర్చాలి అన్నాడు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో గంభీరమైన గొంతుతో చెప్పించేదీ ఇదే.

[విజువల్: రాత్రి టొరంటో. సీఎన్ టవర్. పాత కాడిలాక్ కారు మలుపు తిరుగుతుంది.]

ఇక ఉద్యోగం సంగతి. కారు 1962 కాడిలాక్ కన్వర్టిబుల్. పడవంత ఉంటుంది. పాతకాలం కార్లంటే మోజు అనుకుంటాం. కాదు, డిక్కీ పెద్దది. కేసు తెమలక రోడ్డుమీదే తెల్లారిపోతే, కారు పక్కకి ఆపి, డిక్కీలో దూరి మూత వేసుకోవాలి కదా! ఎనిమిది వందల ఏళ్ళ అనుభవం, మనసులు వశం చేసుకునే చూపు, గాల్లో ఎగిరే శక్తి, ఇన్ని పెట్టుకుని చివరికి స్టెప్నీ టైరు పక్కన ముడుచుకుని పడుకోవడం. ఈ సీరియల్ ఎక్కడ పట్టేసిందంటే నేను ఆ డిక్కీనే చూపిస్తా.

ఇంట్లో కిటికీలకి రిమోట్‌తో మూసుకునే షట్టర్లు. గోడలకి తను వేసిన బొమ్మలు. స్టేషన్లో పార్ట్‌నర్ డాన్ షాంకీ. ఈయన లావుగా, వాగుతూ, తింటూ ఉండే సంసారి. పక్క సీట్లో కూర్చున్నవాడు ఏమీ ఎందుకు తినడో, పగలు ఎందుకు కనపడడో ఈయనకి అర్థం కాదు. ప్రేక్షకులకి ప్రాణం లేచొచ్చేది ఈయన సీన్లలోనే.

ఓ చిన్న మాట. సీరియల్లో స్టేషన్‌ని అమెరికన్ పద్ధతిలో ‘ప్రీసింక్ట్’ అంటారు. నిజం టొరంటో పోలీసులు వాడే మాట ‘డివిజన్’. అమెరికా వాళ్ళు కూడా చూడాలి కాబట్టి ఆ సర్దుబాటు.

[విజువల్: పాత టీవీ సెట్. తెరమీద చుక్కలు.]

ఆ అమెరికా ముడి ఏంటో రెండు ముక్కల్లో చెప్తా. సృష్టికర్తలు ఇద్దరు, బార్నీ కోహెన్, జేమ్స్ పారియట్. 1989లో మొదట ఇది సీబీఎస్ అనే అమెరికా ఛానల్లో టీవీ సినిమాగా వచ్చింది. కథ లాస్ ఏంజిలెస్‌లో, హీరో పాటగాడు రిక్ స్ప్రింగ్‌ఫీల్డ్. తర్వాత 1992 మే 5న సీరియల్‌గా మొదలైంది, ఊరు టొరంటోకి మారింది, హీరోగా గెరైంట్ విన్ డేవిస్ వచ్చాడు. వేల్స్‌లో పుట్టి కెనడాలో స్థిరపడ్డ, షేక్‌స్పియర్ నాటకాలు ఆడే నటుడు. షాంకీ వేసిన జాన్ కపెలోస్ మాత్రం సినిమాలోనూ ఆయనే, సీరియల్లోనూ ఆయనే. ప్రసారం రాత్రి పదకొండున్నర తర్వాత, ఇల్లంతా పడుకున్నాక వచ్చే క్రైమ్ సీరియళ్ళ వరసలో. 1993లో టాక్ షోలు చేసే డేవిడ్ లెటర్‌మన్ సీబీఎస్‌కి మారాడు, ఆ రాత్రి వేళ ఆయన షోకి పోయింది. ఇది వీధిన పడింది. ఏడాదికి పైగా ఆగి 1994లో రెండో సీజన్‌తో తిరిగొచ్చింది. నిక్ లాగే, చచ్చిందనుకుంటే లేచి కూర్చునే రకం.

[విజువల్: మార్చురీ. స్టీలు బల్ల. తెల్లగుడ్డ కప్పిన ఆకారం.]

ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వద్దాం. నటాలీ లాంబర్ట్, పోస్ట్‌మార్టం చేసే డాక్టరు. నిక్ ఆమెకి పరిచయమైంది శవంగా! బల్లమీద గుడ్డ కప్పి ఉన్నవాడు లేచి కూర్చున్నాడు. ఇంకెవరైనా అయితే కేకపెట్టి పారిపోయేవాళ్ళు. ఈమెకి ఆసక్తి పుట్టింది. ఇదేదో జబ్బయి ఉంటుంది, జబ్బయితే మందుంటుంది అనుకుంది. అక్కణ్ణుంచి పరీక్షలు, మందులు, ఆమె కలిపి తెచ్చే ప్రొటీన్ షేకులు. నిక్ ముక్కు మూసుకుని ఓ గుక్క తాగి మొహం చిట్లిస్తాడు. ఆమె వెళ్ళగానే చెయ్యి ఫ్రిజ్ మీదికి పోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి మనిషి మీకు తెలీదూ? మానేశానంటాడు. మానేసింది బ్రాందీ, బీరు మాత్రం ఉంది. మనిషి రక్తం మానేసి ఆవు రక్తం తాగడం అదే లెక్క. నటాలీ ఆ మాటే పోరుతుంది, అది కూడా వదలరా నాయనా అని. సోమవారం నుంచి వదిలేస్తానన్నట్టే ఉంటుంది అతని వరస.

చుట్టూ స్నేహాలు చూడండి. జానెట్ ఊళ్ళోనే రేవన్ అని నైట్‌క్లబ్బు నడుపుతుంది. కేసులో ఏదైనా ఆచూకీ కావాలంటే నిక్ అక్కడికే వెళ్ళాలి. మానేసినవాడికి బార్‌లో పని పడ్డట్టు. గ్లాసు ముందు పెట్టి, ‘ఎందుకీ ఉపవాసాలు’ అన్నట్టు నవ్వుతుంది ఆవిడ. ఇక లక్రువా రాత్రిళ్ళు రేడియోలో మాట్లాడతాడు, ‘నైట్‌క్రాలర్’ అనే పేరుతో. వేలమంది వింటారు. ఆ మాటలు ఒక్కడి కోసమే అని ఒక్కడికే తెలుసు. నిక్ కారు నడుపుతుంటే ఆ గొంతు మెత్తగా, వెక్కిరిస్తూ, ప్రేమగా వస్తూనే ఉంటుంది. స్టేషన్ మార్చొచ్చు. మార్చడు! ఆ పాత్ర వేసిన నైజెల్ బెన్నెట్ గొంతు వింటే మనమూ మార్చం.

లక్రువా సిద్ధాంతానికి మన సామెత అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. నిక్ వాదన ఒక్కటే: నాకిది పుట్టుకతో రాలేదు, నువ్వు అంటించావు. డెబ్భై ఎపిసోడ్ల పాటు తండ్రీకొడుకుల్లాంటి ఈ ఇద్దరి తగాదా అదే.

[విజువల్: సగం తెర ఇప్పటి హత్యాస్థలం. సగం తెర పాత యూరప్ వీధి.]

హత్య కేసులు మరీ గొప్పగా ఉండవు, నిజం చెప్పాలిగా. హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయేవి బోలెడు. కానీ ప్రతి కేసులో ఏదో ఒకటి, ఒక మాటో, ఒక శిలువో, ఒక ఆడమనిషి మొహమో, నిక్‌ని పాతకాలంలోకి లాక్కెళ్తుంది. అక్కడ కనిపించేది అతను చేసిన ఘోరం. అంటే వారం వారం ఇద్దరు నేరస్థులు. ఒకణ్ణి బేడీలేసి తీసుకెళ్తారు. రెండోవాడే ఆ బేడీలు వేస్తున్నవాడు. ఆ పాత రోజుల్లో జోన్ ఆఫ్ ఆర్క్ కూడా తారసపడుతుంది, తన విశ్వాసం కోసం మంటల్లో కాలడానికి సిద్ధపడ్డ పిల్ల. చావుకి భయపడి దాటినవాడు, భయపడనిదాన్ని చూస్తూ నిలబడాలి.

రెండో సీజన్లో ప్రేమికుల రోజు ఎపిసోడ్ ఒకటుంది, నాకు బాగా ఇష్టం. నిక్ చెల్లెలు ఫ్లర్‌ని ఒకప్పుడు లక్రువా ప్రేమించాడు. ఆ పిల్లని దాటించొద్దని నిక్ అడ్డుపడ్డాడు. లక్రువా తగ్గాడు, మర్చిపోలేదు. నువ్వు ప్రేమించే మనిషిని నేనూ తీసుకుంటా అన్నది ఆనాటి బాకీ. శతాబ్దాల తర్వాత వసూలుకి వచ్చాడు, నటాలీ దగ్గరికి. ఆమె బతకాలంటే నిక్‌కి ఒకటే దారి. ఆమెని ప్రేమించట్లేదని లక్రువా కళ్ళల్లోకి చూసి చెప్పాలి. చెప్పాడు.

[విజువల్: విమానం ఆకాశంలో చుక్కంత. తర్వాత నల్లతెర.]

మూడో సీజన్లో యూఎస్‌ఏ నెట్‌వర్క్ అనే కేబుల్ ఛానల్ వచ్చి చేరింది. తారాగణం మారిపోయింది. షాంకీ, వాళ్ళ పై అధికారి కెప్టెన్ అమాండా కోహెన్ ఎక్కిన విమానాన్ని బాంబు పెట్టి పేల్చేశారు. జానెట్ ఊరు వదిలి వెళ్ళిపోయింది. వాళ్ళ చోట్లోకి కుర్రవాళ్ళు వచ్చారు, ట్రేసీ అనే కొత్త పార్ట్‌నర్, వాషాన్ అనే జులపాల కుర్ర వాంపైర్. షాంకీ లేని కారులో పక్క సీటు ఎంత ఖాళీగా అనిపిస్తుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. నేనైతే ఈ సీజన్‌ని సగం విసుగుతోనే చూశా, ఆ ఒక్క ఎపిసోడ్ వచ్చేదాకా.

జానెట్ తిరిగొస్తుంది. మనిషిగా!

ఎనిమిది వందల ఏళ్ళ గోల నిక్‌ది. పరీక్షలు, పురాతన వస్తువులు, ప్రొటీన్ షేకులు అన్నీ అతనివి. మనిషి కావాలని ఏనాడూ అనుకోని జానెట్‌కి మాత్రం అది జరిగిపోయింది. ఒక మామూలు మగాణ్ణి ప్రేమించింది, ప్రాణం తీయకుండా ప్రేమించింది, ఓ రోజు చూసుకుంటే మనిషైపోయింది. ఆ మగాడు హత్యకి గురయ్యాడు. చివర్లో జానెట్‌కీ తూటా తగులుతుంది. నిక్ చేతుల్లో ఉంది, పోతోంది. మనిషిగానే పోనివ్వమన్నది ఆమె కోరిక.

నిక్ పోనివ్వలేదు. కొరికాడు.

నన్నెందుకిలా చేశావని లక్రువాని నిలదీస్తూ వచ్చినవాడు కదా, సరిగ్గా అదే పని తన చేత్తో చేశాడు. అదీ ప్రేమతోనే. లక్రువా కూడా ప్రేమతోనే చేశానంటాడు మరి.

[విజువల్: నిక్ ఇల్లు. పొయ్యిలో మంట. షట్టర్లు మూసి ఉన్నాయి.]

ఆఖరి ఎపిసోడ్ 1996 మేలో వచ్చింది. చూడాలనుకునేవాళ్ళు ఇక్కడ వీడియో ఆపేయండి, కథ మొత్తం చెప్పేస్తున్నా.

ట్రేసీకి తూటా తగిలి పోయింది. నటాలీ స్నేహితురాలు ప్రాణం తీసుకుంది. ఇక ఎన్నాళ్ళు ఎదురుచూడాలి అంది నటాలీ. జానెట్‌కి కుదిరింది మనకెందుకు కుదరదు, కొంచెమే తాగు, ఆగు, నీమీద నాకు నమ్మకముంది అంది. కొంచెమే! మానేసినవాడితో అనకూడని మాట ఏదన్నా ఉంటే అదే.

ఆగలేకపోయాడు.

ఆమె కొనఊపిరితో నేలమీద ఉంది. లక్రువా వచ్చి నిలబడ్డాడు. దాటించు, బతుకుతుంది, లేదా వదిలేసి నాతో రా అంటాడు. నిక్ ఈసారి కొరకలేదు. జానెట్ విషయంలో చేసింది మళ్ళీ చేయలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మోకాళ్ళమీద కూర్చుని, నువ్వే నా స్నేహితుడివి, ఈ పని నువ్వే చెయ్యి అని, వాంపైర్‌ని చంపే చెక్క మేకు లక్రువాకి ఇచ్చాడు.

అంతవరకూ తొణకని మనిషి లక్రువా. నికొలాస్‌ని శపిస్తూ ఒక్క మాట అని, రెండు చేతులూ పైకెత్తుతాడు. ఆ మొహం చూడండి. గెలిచినవాడి మొహమేనా అది?

దెబ్బ పడటం చూపించరు. కట్ చేస్తే పొద్దు పొడుస్తూ ఉంటుంది. డెబ్భై ఎపిసోడ్లలో మనం ఇంచుమించు చూడని సూర్యుడు.

[విజువల్: తెల్లారే ఆకాశం. మాటల్లేవు. పది సెకన్లు అలాగే ఉంచాలి.]