కంప కొట్టిన గరువులో ఏ గడ్డి వేద్దాం?

అందరికీ నమస్కారం.

మన ఒడిశా కాశీనగర్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లున్నారు, గుణుపురం నుంచి వచ్చినవాళ్లున్నారు, వంశధార అవతలి ఊళ్ల నుంచి వచ్చిన బంధువులూ ఉన్నారు. పాలు పోసే అమ్మలు ముందు వరసలో కూర్చున్నందుకు నాకు మరీ సంతోషం. గడ్డి కోసేదీ, మోసేదీ, ఏ ఆవు దేన్ని ముట్టకుండా వదిలేసిందో చూసేదీ వాళ్లే. ఈ మాటలు ముందుగా వాళ్లకే చెబుతున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జీడితోటలను పడగొట్టింది. పడిన చెట్లు తీసుకున్నాం గానీ చాలాచోట్ల నేల అలాగే ఉండిపోయి లంటానా అనే ముళ్లపొద కమ్మేసింది. ఇప్పుడు కొందరు ఆ కంప కొట్టించారు. కొన్ని ఊళ్లలో గోచర్ భూమిని, అంటే ఊరి ఉమ్మడి మేతనేలను, అందరూ కలిసి బాగుచేసుకున్నారు. ఇక నన్ను కలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: "ఏ గడ్డి విత్తనం కొనమంటారు సార్?"

ఒక్క పేరు చెప్పమంటే చెప్పలేను, ఎందుకంటే మీ గరువు, అంటే ఈ మెట్టనేల, అంతా ఒక్క తీరుగా లేదు. పైన గులకరాళ్ల వాలు. మధ్యలో మిగిలిన జీడి, మామిడి చెట్ల నీడ. కింద వానాకాలంలో నీరు నిలిచే పల్లం. మూడింటిలోనూ ఒకే విత్తనం చల్లితే రెండుచోట్ల పెట్టిన డబ్బు పోయినట్టే. ఒక పెద్ద సంచి కొనకండి, వేర్వేరు విత్తనాలు కొద్దికొద్దిగా కొనండి. ఏ చోటికి ఏది కావాలన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

ముందు కంప సంగతి తేలాలి. లంటానాను నేల మట్టానికి నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. మట్టి కింద 3, 4 అంగుళాల లోతున వేరు నరికి, మోడును పైకి లాగి, వేరు పైకి వచ్చేలా తిరగేసి ఎండబెట్టాలి. పిట్టలు దాని పండ్లు తిని గింజలు వేస్తూనే ఉంటాయి కాబట్టి వానల్లో తిరిగి తిరిగి మొలకలు పీకాలి. నేల తడిగా ఉన్నప్పుడు చేత్తో లాగితే వచ్చేస్తాయి. ఈ పని వదిలేస్తే ఎంత ఖరీదైన విత్తనం వేసినా కొన్నేళ్లకు మళ్లీ కంపే. పైగా లంటానా ఆకు తిన్న పశువుకు కాలేయం చెడుతుంది. ఎండ తగిలినచోట, అందులోనూ తెల్లమచ్చ ఉన్నచోట, చర్మం పుండై ఊడిపోతుంది. కడుపు నిండిన పశువు దాని జోలికి పోదు, మేత దొరకనప్పుడే తింటుంది.

జేసీబీ పెట్టించినవాళ్లకు ఇంకో మాట. యంత్రం కంపతో పాటు పైమట్టిని కూడా గోకి గట్టు పక్కన కుప్ప పెడుతుంది. మీ నేలలో బలమంతా ఆ జానెడు మట్టిలోనే ఉంది. కింద మిగిలిన ఎర్రమొరం మీద ఏ విత్తనం చల్లినా మొలుస్తుంది గానీ నిలవదు. విత్తనానికి డబ్బు తీసే ముందు ఆ కుప్పను తిరిగి నేల మీద పరిపించండి. గత్తం, అంటే పేడ ఎరువు, ఉంటే అదీ వెయ్యండి.

మొదటి వానలకు తొందరపడకుండా పొలమంతా ఒకసారి నడవండి. గరిక, ఇంకా మన పశువులు ఎప్పటినుంచో మేసే కొండగడ్డి తనంతట తాను దట్టంగా లేస్తున్నచోట నాగలి పెట్టొద్దు. ఆ గడ్డి ఈ నేలకు అలవాటుపడింది, దాన్ని దున్ని పోగొట్టుకుని కొత్తది కొనుక్కోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అక్కడ గొర్రుతో పైపైన గీసి స్టైలో అనే మేతమొక్క విత్తనం ఒక్కటీ చల్లితే సరిపోతుంది. నేల బోసిగా ఉన్నచోటే మిగతా ఆలోచన.

స్టైలో గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఇది గడ్డి కాదు, పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి దాచుకుంటుంది. మన పశువులు ఏడాదిలో సగం రోజులు వరిగడ్డి మీదే బతుకుతున్నాయి. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. స్టైలోలో 12 నుంచి 18 శాతం దాకా ఉంటాయి. మన ఎర్రనేలల్లో పులుపు, అంటే ఆమ్లగుణం, ఎక్కువ; భాస్వరం తక్కువ. అలాంటి నేలను తట్టుకునే మేతమొక్కలు కొన్నే ఉన్నాయి, వాటిలో హమాటా రకం స్టైలో ముఖ్యమైనది. ఎకరానికి చల్లడానికి 4 కిలోలు, సాళ్లలో వేస్తే 2.5 కిలోలు చాలు. 2, 3 బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే తేడా కంటికి కనబడుతుంది. యూరియా మాత్రం వద్దు, గడ్డి ఏపుగా పెరిగి స్టైలోను తొక్కేస్తుంది.

దీని గింజకు పెంకు గట్టి. అలాగే చల్లితే చాలా గింజలు ఆ ఏడు మొలవవు. నీళ్లు మరిగించి దించండి. పొంగు చల్లారి 80 డిగ్రీల వేడి ఉన్నప్పుడు విత్తనాన్ని పలచని గుడ్డలో మూటకట్టి 4 నిమిషాలు ముంచి తియ్యండి. తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, పొద్దున్న నీడన ఆరబెట్టి చల్లండి. 4 నిమిషాలంటే 4 నిమిషాలే, మరచిపోతే గింజ ఉడికిపోతుంది.

అంత మంచిదైతే పొలమంతా అదే వేసేద్దామా? వద్దు. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు టౌన్స్‌విల్ స్టైలో అనే రకాన్ని లక్షల ఎకరాల్లో పెంచారు. 1970లలో ఆంత్రక్నోస్ తెగులు వచ్చి దాన్ని తుడిచిపెట్టేసింది. హమాటా, స్కాబ్రా రకాలకు తట్టుకునే శక్తి ఎక్కువే, అయినా గడ్డితో కలిపి వెయ్యడమే క్షేమం.

ఏ గడ్డితో? అంజన్ గడ్డి చాలామంది నోట వినిపిస్తోంది. మంచి గడ్డే, రాజస్థాన్ లాంటి పొడి ప్రాంతాలకు. మనకు ఏడాదికి 1200 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, నేల పుల్లటిది. అంజన్‌కు ఈ రెండూ గిట్టవు, వేరు తడిలో కుళ్లుతుంది. మన వాలు నేలకు కాంగో సిగ్నల్ గడ్డి నయం. పులుపును ఓర్చుకుంటుంది, నేలను పట్టుకుని పాకుతుంది, పశువు తొక్కినా తేరుకుంటుంది. అది కుదురుకునేలోగా మట్టి కొట్టుకుపోకుండా మొదటి ఏడాది దీననాథ్ గడ్డి కలపండి. అది ఏడాది మొక్క, వేగంగా లేస్తుంది. పూత రాకముందే కోసి మేపాలి. ముదిరితే పశువు ముట్టదు, గింజ రాలి అక్కర్లేనిచోట కూడా మొలుస్తుంది.

చెట్ల నీడన గినీ గడ్డి. నీడకు అంతగా ఓర్చుకునే మేతగడ్డి అరుదు. విత్తనం కొనడం కంటే ఎవరి పొలంలోనైనా ఉన్న దుబ్బు చీల్చి పిలకలు తెచ్చుకుంటే తొందరగా అందుకుంటుంది. నీరు నిలిచే పల్లానికి పారాగడ్డి, కాడలు నాటాలి. కానీ దాన్ని కాలవకీ వరిమడికీ దూరంగా ఉంచండి. అది నీటి వెంట పాకి కాలవ పూడ్చేస్తుంది.

ఇక సూపర్ నేపియర్. పాతపట్నం సంతలోనూ, ఫోన్లలోనూ అందరికీ కనబడేది అదే కాబట్టి దాని సంగతీ చెబుతాను. అది కోసి మేపే గడ్డి, నీళ్లూ గత్తమూ పుష్కలంగా అడుగుతుంది. బావి దగ్గర 5 సెంట్లలో పెట్టుకోండి, పాడిగేదెకు ఎంతో ఆదరువు. కొండవాలులో పశువును వదిలి మేపే నేలకు మాత్రం అది పనికిరాదు. మన దగ్గరవి చిన్న పశువులు. కొరాపుట్ కొండల్లో తిరిగే మండా గేదెలకు జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. అవి కొండమేత మీదే పాలు ఇస్తూ, దుక్కి దున్నుతూ వచ్చాయి. అలాంటి పశువుకు కావలసింది ఎండాకాలం దాకా నిలిచే మేత.

సంచి కొనేటప్పుడు చీటీ చదవండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటుంది. మేతగడ్డి విత్తనం ఎక్కువగా లేతాకుపచ్చ చీటీతో వస్తుంది, అంటే మొలక శాతానికి పూచీ అమ్మినవాళ్లదే. పరీక్షించిన తేదీ తప్పకుండా చూడండి. గినీ, కాంగో సిగ్నల్ విత్తనాలు కోసిన వెంటనే సరిగా మొలవవు, కొన్ని నెలలు నిద్రలో ఉంటాయి. నిరుటి విత్తనం మంచిది, అంతకంటే పాతదైతే అనుమానించాలి. గడ్డి విత్తనంలో పొట్టు ఎక్కువ. 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి రెండు వారాలు చూడండి. 30 మాత్రమే మొలిస్తే చల్లే మోతాదు పెంచాలి, 10 కూడా రాకపోతే సంచి వెనక్కి ఇచ్చెయ్యాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, మే నెలలోనే చేసుకోవచ్చు.

జూన్ రెండోవారం తర్వాత, వానలు నిలదొక్కుకున్నాక చల్లండి. సన్న గింజ కాబట్టి తడి ఇసుకలో కలిపితే సమంగా పడుతుంది. అర అంగుళం కంటే లోతుకు పోకూడదు. ముళ్లకొమ్మ ఈడ్చినా చాలు. చీమలు గింజలు మోసుకుపోతాయి, అందుకని పొడినేలలో చల్లి వాన కోసం ఎదురుచూడొద్దు.

అన్నిటికంటే కష్టమైన పని తర్వాత ఉంది. మొదటి ఏడాది సంక్రాంతి దాకా పశువును లోపలికి వదలకూడదు. గడ్డి పెరిగితే కొడవలితో కోసి మోసుకెళ్లండి, లేకపోతే దాని నీడన స్టైలో చచ్చిపోతుంది. స్టైలో పూసి, కాసి, గింజ రాల్చడానికి డిసెంబరు దాటుతుంది. ఎలాగూ వరికోతలయ్యాక మన ఊళ్లలో పశువులను వదిలేసే అలవాటుంది. అప్పుడు తెరిస్తే ఎండినది మేస్తాయి, రాలిన గింజను గిట్టలతో తొక్కుతాయి, కొంత గింజ పేడలో పడి పక్కకు కూడా పాకుతుంది. రెండో ఏడాది తొలకరిలో పశువు ముందు గడ్డినే మేస్తుంది, స్టైలోను తర్వాతికి వదులుతుంది. అది మనకు మంచిదే.

సొంత భూమికి కంచె కట్టుకుంటారు. గ్లిరిసిడియా చెట్టు కొమ్మలు నాటితే కంచె అవుతుంది, మేకలకు ఆకూ దొరుకుతుంది. గోచర్ భూమికి మాత్రం ఊరంతా ఒప్పుకుంటేనే కంచె. మేకలున్న ఇళ్లవాళ్లు ఆ ఆరేడు నెలలు ఎక్కడ మేపుకోవాలో తేల్చకుండా మూసేస్తే, నష్టం పేదింటి మీద పడుతుంది. అందుకని సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు మూయండి. కోసిన గడ్డిలో మొదటి వాటా భూమిలేని ఇళ్లకు ఇవ్వాలని విత్తనం కొనకముందే కూర్చుని రాసుకోండి.

మట్టి పులుపు తెలుసుకోవడానికి గుణుపురంలో, ఆర్.ఉదయగిరిలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాలను అడగండి. వాలు మట్టి, పల్లం మట్టి వేర్వేరు పొట్లాల్లో కట్టి, పేరు రాసి పట్టుకెళ్లండి. ఆ బల్ల మీద స్టైలో, దీననాథ్, కాంగో సిగ్నల్ విత్తనాలు పెట్టాను. ముందు అమ్మలు వచ్చి చేతిలోకి తీసుకుని చూడండి, పొట్టు ఏదో గింజ ఏదో నలిపి చూపిస్తాను.